రెండో వరస నాలుగో మీట

ఆ వీధిలో అతని అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. అందరూ తూకం అనేవాళ్ళు. అతను తూచి అమ్మేది ఏమీ లేదు. టైపు మిషన్లు బాగుచేసే కొట్టు అతనిది. కానీ ఏ మాటకీ వెంటనే అవుననడు, కాదనడు. ఎదుటివాడు చెప్పింది ఒక పక్కన పెట్టి, తనకు తెలిసింది ఇంకో పక్కన పెట్టి, రెండూ సమంగా నిలిచేదాకా గడ్డం గోక్కుంటూ కూర్చుంటాడు.

"వీడు పుట్టగానే ఏడవలేదు. ఏడిస్తే ఏం లాభమో లెక్క చూసుకుంటున్నాడు కాబోలు" అనేది అతని అక్క. భర్త పోయాక తమ్ముడి దగ్గరికే వచ్చేసి, కౌంటరు మీద కూర్చుని కొట్టంతా ఆవిడే నడిపేది. వెనక గదిలో అతను, ముందు గదిలో ఆవిడ. మధ్యలో ఒక తెర, ఆ తెర పైన గోడకి పెద్దాయన ఫోటో. ఏ కొట్టుకి వెళ్ళినా పెద్దాయన ఫోటో ఉండాల్సిందే. ఆయన దేశాన్ని చేతుల్లోకి తీసుకుని అప్పటికి పదకొండేళ్ళు. అసలు పేరు పలికితే పక్కవాడు తలతిప్పి చూస్తాడని అందరూ పెద్దాయన అనే అనేవాళ్ళు.

ఆ కొట్టుకి తండ్రి పెట్టిపోయిన పద్ధతులు రెండు. ఒకటి, రసీదు చూపించినవాడికి సరుకు ఇచ్చెయ్యాలి, ఒక్క ప్రశ్న కూడా వెయ్యకూడదు. ఎవరు, ఎక్కడ, ఎందుకు అన్న మాటలు వ్యాపారానికి మంచివి కావని ఆయన అనేవాడు; ఈ పదకొండేళ్ళలో అవి ప్రాణానికి కూడా మంచివి కాకుండా పోయాయి. రెండోది, ఏదీ పారెయ్యకూడదు. అరిగిన స్క్రూ, తెగిన స్ప్రింగు, విరిగిన అచ్చు, అన్నీ సొరుగుల్లోకి వెళ్ళాల్సిందే. గోడ పొడుగునా నూటపది సొరుగులు. ఏ సొరుగులో ఏముందో అతను కళ్ళు మూసుకుని చెప్పగలడు.

ఇంత తూకంగా ఉండే మనిషి తన వ్యాపారంలో ఒకే ఒక్క అబద్ధం ఆడాడు. సరుకు ఉండి లేదన్నాడు.

నాలుగేళ్ళ కిందటి మాట. నీటి సరఫరా ఆఫీసు నుంచి పిలుపొస్తే సంచీ భుజాన వేసుకుని వెళ్ళాడు. అక్కడ టైపిస్టు ముప్పై దాటిన మనిషి, కళ్ళజోడు, వేళ్ళ చివర్లకి ఎప్పుడూ కార్బన్ మసి. ఆవిడ మిషను కొంగ గుర్తుది.

"రెండో వరసలో నాలుగో మీట చూడండి. అక్షరానికి తోక విరిగింది. నేను కొట్టే ప్రతి కాగితంలోనూ కుంటుతోంది" అంది ఆవిడ.

"కుంటినా నడుస్తోంది కదండీ."

"మా సూపరింటెండెంటుగారూ అలాగే నడుస్తారు. ఆయన్ని మార్చమంటే మార్చరు, దీన్నైనా మార్చండి."

ఆయన నాలుగు బల్లల అవతలే కూర్చుని ఉన్నాడు. ఆ రోజుల్లో అంత గొంతుతో హాస్యమాడే మనిషిని తూకం చూసి చాలాకాలమైంది. మిషను మీదికి వంగి, చాలాసేపు అక్షరం వంకే చూస్తున్నట్టు నటించాడు. కొంగ గుర్తుకి సరిపడే ఆ అక్షరం అచ్చు కొట్లో మూడో సొరుగులో కాగితంలో చుట్టి ఉంది. అది తెచ్చి పెడితే పని అయిపోతుంది. పని అయిపోతే మళ్ళీ రావడానికి కారణం ఉండదు.

"సరుకు లేదండి. వచ్చే నెల రావాలి" అన్నాడు.

అలా నెల నెలా వెళ్ళేవాడు. రిబ్బన్ బిగించేవాడు, రోలర్ తుడిచేవాడు, నూనె చుక్క వేసేవాడు. ఆ పావుగంటా ఆవిడ చెప్పేది, అతను వినేవాడు. రెండో ఏడు మూడో సొరుగులో ఉన్న ఆ అచ్చు ఇంకో ఆఫీసువాళ్ళకి కావలసొచ్చింది. మళ్ళీ తెప్పిద్దాంలే అని ఇచ్చేశాడు. ఆ తర్వాత పెద్దాయన బయటిదేశం సరుకుకి రేవులు మూయించాడు. అబద్ధం కాస్తా నిజమై కూర్చుంది.

"సరుకు ఎప్పుడొస్తుందండీ" అని అడిగేది ఆవిడ, నవ్వు ఆపుకుంటూ.

"వచ్చే నెల."

"మీ వచ్చే నెలకి మూడేళ్ళు నిండాయి. నడవడం, మాట్లాడటం కూడా వచ్చేసి ఉంటాయి."

ఆవిడకి ఎప్పుడో తెలిసిపోయిందని అతనికి ఆ రోజు తెలిసింది.

ప్రభుత్వోద్యోగి పెళ్ళి చేసుకోవాలంటే వార్డు కమిటీ అనుమతి కావాలి. ఇద్దరూ దరఖాస్తు పెట్టారు. పరిచయం ఎలా కలిగింది అన్న గడిలో ఏం రాయాలో తోచక అతను గడ్డం గోక్కుంటుంటే, ఆవిడే 'మరమ్మతు ద్వారా' అని కొట్టింది. ఆ రోజు అందరూ ఇచ్చేలాంటి బహుమతి కాకుండా, అతను ఆవిడకి ఒక తోలు సంచీ ఇచ్చాడు. అందులో చిన్న టంకం కడ్డీ, గుప్పెట్లో పట్టే స్పిరిట్ దీపం, పట్టకారు, సన్నటి ఆకురాయి. ఆవిడకి ఆ పని మీద సరదా. ఒకసారి అతని పక్కన నిలబడి ఊడిన అచ్చుకి తనే టంకం వేసింది. అంచు ఎక్కడా పొంగలేదు.

"మీ చెయ్యి తూకంగా ఉంది" అన్నాడు. అతని నోటి నుంచి అంతకంటే పెద్ద ప్రేమ మాట ఎప్పుడూ రాలేదు.

దరఖాస్తు పెట్టి ఎనిమిది నెలలైంది. కమిటీ నుంచి ఉలుకూ పలుకూ లేదు.

ఒక ఉదయం అక్క సబ్బుల క్యూ నుంచి వస్తూ మడత పెట్టిన కాగితం ఒకటి తెచ్చింది. సంచీలో ఎవరో పడేశారంది. తూకం విప్పి చూశాడు. అందులో తిట్లు లేవు, నినాదాలు లేవు. ఇరవైమూడు పేర్లు. ఒక్కో పేరు పక్కన ఆ మనిషిని ఏ రోజు, ఎక్కడి నుంచి తీసుకుపోయారో అంతే. మూడో పేరు వాళ్ళ వీధి చివర తాళాలు చేసేవాడిది. ఊళ్ళో లేడు, పని మీద వెళ్ళాడని అతని భార్య ఏడాదిగా చెబుతున్న మనిషి.

తూకం పేర్లు చదివాడు గాని అతని కళ్ళు నిలిచింది పేర్ల మీద కాదు. ఒక అక్షరం కనబడ్డ చోటల్లా దానికి తోక లేదు. ఆ విరుపు అతనికి తన అరచేతి గీతల కంటే బాగా తెలుసు.

"ఏమైందిరా, అలా పాలిపోయావు?"

"ఏం లేదక్కా. దీపం వెలిగించు, దీన్ని కాల్చెయ్యాలి."

"పారేసేది ఏదీ లేదంటావు కదా."

"ఇది సరుకు కాదు."

మూడో రోజున గోడల మీద ఉత్తర్వు అంటించారు. ఊళ్ళో ఉన్న ప్రతి టైపు మిషనూ వచ్చే సోమవారం పోలీసు కార్యాలయానికి రావాలి, ప్రతి అక్షరమూ కొట్టి నమూనా ఇవ్వాలి. ఏ మిషనులోనైనా ఒక్క అక్షరం లేకపోయినా నేరమే.

తొమ్మిది రోజుల గడువుంది. అతను నూటపది సొరుగులూ తిరగేశాడు. కొంగ గుర్తుకి ఆ అక్షరం లేదు. గంట గుర్తు మిషనుది ఒకటుంది గాని, దాని తోక పొడుగ్గా వంకర తిరిగి ఉంటుంది. చంటివాడికైనా తేడా తెలుస్తుంది. చివరికి అటకెక్కాడు. అక్కడ గుడ్డ కప్పి ఒక కొంగ గుర్తు మిషను ఉంది. అర్జీల తాతది.

పోస్టాఫీసు వసారాలో కూర్చుని చదువు రానివాళ్ళకి అర్జీలు కొట్టిపెట్టే ముసలాయన అతను. రెండే వేళ్ళతో, కోడి గింజలు ఏరినట్టు ఒక్కో అక్షరం వెతుక్కుని కొట్టేవాడు. నాలుగు నెలల కిందట రోలర్ మార్చమని మిషను ఇచ్చి, ఆ వారమే ఊపిరితిత్తుల జబ్బుతో ఆసుపత్రిలో పడ్డాడు. ఇక లేవడని ఆయన కూతురే కౌంటరు దగ్గర చెప్పి కళ్ళు తుడుచుకుంది.

తూకం అటక మీద మోకాళ్ళ మీద కూర్చుని ఒక పక్కన ఆ మిషనునీ, ఇంకో పక్కన నీటి సరఫరా ఆఫీసు టైపిస్టునీ పెట్టి చూశాడు. రేపో మాపో పోయే మనిషి మిషను. ఎవరూ కొట్టరు, ఎవరూ అడగరు. సరుకు దొరగ్గానే సరైన అచ్చు మళ్ళీ పెట్టెయ్యచ్చు. ఆమె కుంటి అక్షరంతో కొట్టిన పాత కాగితాలు ఆఫీసు ఫైళ్ళలో ఉంటాయి, నిజమే. కానీ నీటి సరఫరా వాళ్ళ ఫైలు విప్పి చదివే ఓపిక పోలీసులకే కాదు, ఎవరికీ లేదు. బేరం బాగానే కనబడింది. మంచి అక్షరం తీసి జేబులో వేసుకున్నాడు.

మర్నాడు ఆమె మిషనుకి దాన్ని టంకం వేస్తుంటే ఆమె పక్కనే నిలబడింది. సూపరింటెండెంటు నాలుగు బల్లల అవతల దగ్గుతున్నాడు.

"ఇన్నాళ్ళకి వచ్చిందన్నమాట సరుకు" అంది మెల్లిగా.

"వచ్చింది."

"ఎక్కణ్ణుంచి?"

"మంచి చోటునుంచే." టంకం మీద ఊది చల్లార్చి అన్నాడు, "ఇక మీదట ఈ మిషను నీళ్ళ సంగతులు తప్ప ఇంకేం మాట్లాడకపోతే బాగుంటుంది."

ఆమె వేళ్ళకున్న మసి పమిటచెంగుతో తుడుచుకుంది. అది ఎంత తుడిచినా పోదు. "ఆ తాళాలాయన కూతురు నా దగ్గరికి టైపు నేర్చుకోడానికి వచ్చేదండి. నాన్న ఎక్కడున్నాడో కాగితం మీదైనా ఉంటే బాగుండునంది" అని మాత్రం చెప్పింది.

విరిగిన అచ్చుని ఏం చెయ్యాలి? నదిలో పారేస్తే సరిపోయేది. కానీ అటక మీది మిషనులో అచ్చు ఉండాల్సిన కడ్డీ ఒకటి బోడిగా ఉంటే అదీ నేరమే, ఆ మిషను తన కొట్లో ఉంది. పైగా ముప్పై ఏళ్ళ అలవాటు. ఖాళీ కనబడితే నింపడం, ముక్క కనబడితే దాచడం. విరిగిన అచ్చుని తాత మిషనుకి టంకం వేసి, గుడ్డ కప్పి, అటక దిగాడు. అక్కకి చెప్పలేదు. తెలియని మాట ఎవరూ కక్కించలేరని అతని లెక్క. ఆ లెక్కలోనే తప్పింది.

శనివారం నాడు సరైన అచ్చు కోసం పక్క ఊరు వెళ్ళాడు. అక్కడి పాత సామాను కొట్లన్నీ రెండు రోజులు గాలించాడు. దొరకలేదు. సోమవారం సాయంత్రానికి తిరిగొచ్చేసరికి అక్క మంచి ఉషారుగా ఉంది.

"నీకో సంగతి చెప్పనా? అర్జీల తాత బతికి బయటపడ్డాడురా. నిన్న వచ్చాడు. సగం మనిషయ్యాడు గాని నోరు మాత్రం అలాగే ఉంది. 'యముడి దగ్గర అర్జీల రద్దీగా ఉందమ్మా, నా వంతు రాలేదు' అన్నాడు. రసీదు జాగ్రత్తగా దాచుకున్నాడు పాపం. నమూనా ఇవ్వకపోతే జరిమానా అట కదా, అందుకని మిషను దింపి ఇచ్చేశాను."

తూకం భుజాన ఉన్న సంచీ దింపడం మరిచిపోయాడు. అటక వంక చూశాడు. గుడ్డ మడత పెట్టి ఉంది.

"ఏంరా? రసీదు చూపించాడు కదా."

"అవునక్కా" అన్నాడు. "చూపిస్తే ఇవ్వాల్సిందే."

అప్పటికే తాతని పట్టుకున్నారు. నమూనా కాగితం కొడుతుండగానే, రెండో వరస నాలుగో మీట దగ్గర ఆపేశారట. రెండ్రోజుల్లో ఊళ్ళోని నోటీసు బోర్డులన్నిటి మీదా కరపత్రమూ, తాత నమూనా పక్కపక్కన అంటించి, తోకలేని అక్షరం చుట్టూ ఎర్ర సిరాతో సున్నాలు చుట్టారు. రెండు వేళ్ళతో గుచ్చి గుచ్చి కొట్టిన కాగితానికీ, పది వేళ్ళతో సాఫీగా కొట్టిన కాగితానికీ తేడా మిషను పట్టుకునే ఎవడికైనా తెలుస్తుంది. కానీ వాళ్ళకి కావలసింది ఒక మనిషి. దొరికాడు.

తూకం మూడు రోజులు వెనక గదిలోంచి బయటికి రాలేదు. నిజం చెబితే ఆమె పోతుంది. చెప్పకపోతే ముసలాయన పోతాడు. ఎన్నిసార్లు తూచినా ముల్లు ఆమె వైపే వాలింది, అలా వాలినందుకు అతనికి తన మీద అసహ్యం వేసింది. నోరు మూసుకోవాలనే నిశ్చయించుకున్నాడు.

నాలుగో రోజు పొద్దున్నే కొట్టు తలుపు తెరుచుకుంది. ఆమె. నలుగురి కళ్ళూ పడతాయని నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా ఆ గడప తొక్కని మనిషి.

"తూకంగారు ఉన్నారా అండీ?" అంది అక్కతో.

అక్క ఆమెని తల నుంచి కాళ్ళదాకా చూసింది. కార్బన్ మసి దగ్గర ఆగింది. "ఓహో, వచ్చే నెలగారా? లోపలికి వెళ్ళమ్మా. మూడు రోజుల్నుంచి అన్నం ముందు కూర్చుని లేచిపోతున్నాడు. నువ్వైనా అడుగు" అని కౌంటరు వదిలి గుమ్మంలో కాపలాగా నిలబడింది.

ఆమె తెర తీసుకుని వచ్చి బల్లకి అటువైపు నిలబడింది.

"పాత అచ్చు ఎక్కడ పారేశారు?"

"మా కొట్లో ఏదీ పారెయ్యం."

"ఆ మాట నాకు మీరు వందసార్లు చెప్పారు. అందుకే బోర్డు చూడగానే ఇక్కడికొచ్చాను." గొంతు తగ్గించింది. "ఆయన మా నాన్నకి పెన్షను అర్జీ కొట్టిపెట్టాడండీ. ఒక్కో అక్షరం వెతుక్కుంటూ, రెండు గంటలు."

"నేను అనుకోలేదు. ఆయన రాడనుకున్నాను."

"నాకు తెలుసు."

"మీరు వెళ్ళి చెప్పేస్తే ఇద్దరూ పోతారు. వాళ్ళు ఒకరిని తీసుకుని ఒకరిని వదిలే రకం కాదు."

"వెళ్ళి చెబుతానని నేనన్నానా?" అంది. "ఆయన మిషను వాళ్ళ దగ్గరే ఉంది, ఆయనా వాళ్ళ దగ్గరే ఉన్నాడు. ఇప్పుడు అదే కుంటి అక్షరంతో ఇంకో కాగితం బయటికొస్తే?"

తూకం ఆమె వంక చూశాడు. ముప్పై ఏళ్ళ వ్యాపారంలో అంత చక్కటి బేరం అతని ముందుకి ఎవరూ తేలేదు. వెంటనే లేచి గంట గుర్తు సొరుగు లాగాడు. పొడుగు తోక వంకర అచ్చు. పై భాగమంతా కొంగ గుర్తుదానికి సరిగ్గా సరిపోతుంది, తేడా అంతా తోకలోనే. తోకే తీసేస్తే ఇక తేడా ఏముంటుంది? వైసులో బిగించి, ఆకురాయితో గంటసేపు గీశాడు. మొదటి విరుపు ఎలా ఉండేదో చూసుకోవడానికి అతనికి నమూనా అక్కర్లేదు. ఆమె స్టూలు మీద కూర్చుని అతని చేతుల వంకే చూసింది. ఇద్దరూ ఒక గదిలో అంతసేపు ఉండటం అదే మొదలు.

పని అయ్యాక అచ్చుని ఆమె అరచేతిలో పెట్టి, చెప్పాల్సింది వరసగా చెప్పాడు. "మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక మీరే మార్చండి, మీకు చేతనవును. కాగితాలు కొట్టండి. వెంటనే మంచిది తిరిగి పెట్టెయ్యండి. ఈ కుంటిదాన్ని కాలవలో పడెయ్యండి. కాగితాలు మాత్రం రెండు రోజులు దాచి, ఆ తర్వాతే వదలాలి. తొందర పడకూడదు."

"మీరే పారెయ్యమంటున్నారు ఒక వస్తువుని."

"మొదటిసారి."

ఆమె నవ్వింది. తలూపింది. రెండు రోజులు ఆగుతానని మాటిచ్చింది.

ఆ మధ్యాహ్నం ఏం జరిగిందో తూకానికి తర్వాత ముక్కలు ముక్కలుగా తెలిసింది. ఆమె అచ్చు మార్చింది, కార్బన్లు పెట్టి నలభై కాగితాలు కొట్టింది. మంచి అచ్చు తిరిగి పెట్టడానికి దీపం వెలిగించబోతుండగా సూపరింటెండెంటు గబగబా వచ్చాడు. పోలీసు కార్యాలయం నుంచి ఫోను. తెల్లవారి ఐదింటికి నీళ్ళ లారీ ఒకటి పంపాలి, కరపత్రం ముసలాయనతో కలిపి పద్నాలుగు మందిని కొండరాళ్ళ క్వారీకి చేర్చాలి, లారీ కేటాయించినట్టు కాగితం ఇప్పుడే పంపాలి. ఆయన ఆమె తలదగ్గరే నిలబడి చెప్పాడు, ఆమె కొట్టింది. ఆ అక్షరం లేకుండా నాలుగు ముక్కలు కూడా రాయలేం. కాగితం కుంటుకుంటూనే పోలీసు కార్యాలయానికి వెళ్ళింది.

క్వారీకి వెళ్ళిన అర్జీల తాత వయసువాళ్ళెవరూ తిరిగి రాలేదని ఊరందరికీ తెలుసు. రెండు రోజులాగితే ఆమెకి భయం లేదు. నీళ్ళ లారీ కాగితాన్ని ఎవడూ రెండోసారి చూడడు. కానీ కరపత్రం ఆ సాయంత్రమే బయటపడితే, రెండు కాగితాలూ ఒకే బల్ల మీద పక్కపక్కన పడతాయి.

నాలుగున్నరకి ఆమె మళ్ళీ కొట్టుకొచ్చింది. తూకం గుండె తేలికపడింది, పని అయిందనుకున్నాడు. ఆమె కాగితంలో చుట్టిన చిన్న పొట్లం బల్ల మీద పెట్టింది.

"ఇది తాతది. మీ దగ్గరుంచండి."

విప్పి చూశాడు. మంచి అచ్చు. "తిరిగి పెట్టలేదా?"

"టైము చాల్లేదు. రేపు పెడదాం. నా సొరుగులో ఉంటే భయం."

"మరి ఆ కుంటిది?"

"రేపు" అంది. అతని బల్ల మీద పరిచిన గుడ్డ అంచు సరిచేసింది, అది సరిగానే ఉన్నా. "నువ్వు అన్నం తిను. మీ అక్కయ్య బాధపడుతోంది."

నువ్వు అనడం అతను విన్నాడు. మనసంతా ఆ మాట మీదికే పోయింది. జీవితమంతా ప్రతి మాటనీ తూచిన మనిషి, తూచాల్సిన రోజున ఒక్క చిన్న మాటకి మురిసిపోయి తలూపాడు. ఆమె వెళుతూ గుమ్మంలో అక్కతో ఏదో అంది, అక్క పకపకా నవ్వింది. ఐదున్నరకి మిల్లు వదిలిన వేళ, గేటు దగ్గర, సబ్బుల క్యూలో, బస్సుల దగ్గర, నలభై కాగితాలూ చేతులు మారాయి.

మర్నాడు పది గంటలకి ఇద్దరు మనుషులు కొట్టుకొచ్చారు. రసీదులేమీ చూపించలేదు. తోలు సంచీ బల్ల మీద పడేశారు.

"ఇది నీదేనా?"

"నేనే ఇచ్చానండి. మా పెళ్ళి దరఖాస్తు కమిటీలో ఉంది." మంచి అచ్చు అతని చొక్కా జేబులో ఉంది. ఊపిరి పీలిస్తే అది గుండెకి తగులుతోంది.

"ఇన్నాళ్ళూ నీ పక్కన నిలబడి నీ పనంతా నేర్చేసుకుంది. అచ్చు తనే తీశానంది, తనే గీశానంది, తనే పెట్టానంది. అబద్ధమేమో అని మా ఎదురుగా చేయించాం. నీకంటే బాగా వేసింది టంకం." పెద్దవాడిలా కనిపించిన మనిషి నవ్వాడు. "కళ్ళముందే పని దొంగిలిస్తుంటే తెలీలేదా నీకు?"

తూకానికి నోటి చివరదాకా వచ్చింది, గీసింది నేనేనని. చెబితే ఆమె చేతులు అబద్ధమవుతాయి. ఆమె అంతా లెక్క చూసుకుని, అతన్ని లెక్కలోంచి తీసేసి వెళ్ళింది. ఇప్పుడు నోరు విప్పితే ఆ కాస్తా వృథా.

"తెలీలేదండి" అన్నాడు.

ఆ మాటనే తర్వాతి కాలమంతా ఒంటరిగా ఉన్నప్పుడల్లా మళ్ళీ మళ్ళీ అనుకునేవాడు. అది నిజం కూడా కావడమే అతన్ని తినేసింది. అతనికి నిజంగానే తెలీలేదు.

ఐదో రోజున అర్జీల తాత మిషను చంకలో పెట్టుకుని, రెండు అడుగులకోసారి ఆగుతూ వచ్చాడు. అక్క స్టూలు వేసి, నీళ్ళిచ్చింది.

"వదిలేశారమ్మా. పొరపాటైందని కూడా అనలేదు. ఈ అక్షరం మార్పించుకుని మళ్ళీ నమూనా ఇమ్మన్నారు." నీళ్ళు తాగి తూకం వైపు తిరిగాడు. "చీకటుండగానే లారీ దగ్గర వరసలో నిలబెట్టారు బాబూ. పద్నాలుగు మందిమి. నేను తొమ్మిదోవాణ్ణి. ఎక్కబోతుంటే ఎవడో పరుగున వచ్చి నన్ను వరసలోంచి లాగాడు. లాగితే పదముగ్గురే కదా ఉంటారు? కాగితంలో పద్నాలుగని ఉందిట. నా చోట్లో ఒక ఆడమనిషిని తెచ్చి నిలబెట్టారు. కళ్ళజోడు. నా వంక చూసి, 'జాగ్రత్త తాతా, మెట్టు జారుతోంది' అంది. తను ఎక్కుతూ నాకు చెప్పింది. ఎవరో ఏమో, వేళ్ళన్నీ నల్లగా ఉన్నాయి."

అక్క కౌంటరు అంచు పట్టుకుంది.

తూకం మిషనుని వెనక గదిలోకి తీసుకెళ్ళాడు. దీపం వెలిగించాడు. టంకం కరిగించి మొదటి కుంటి అచ్చుని తీశాడు. అది వీటన్నిటికీ మొదలు, నాలుగేళ్ళ కిందట మూడో సొరుగు లాగి ఉంటే ఆ రోజే తీరిపోయేది. జేబులోంచి మంచి అచ్చు తీసి, దాన్ని ఏ కడ్డీ నుంచి తీశాడో ఆ కడ్డీకే తిరిగి పెట్టాడు. ఏ వస్తువు ఎక్కడిదో అక్కడికి చేరింది. ముసలాయన ఇంటికి చేరాడు. కొట్లో ఒక్క మర కూడా తగ్గలేదు. అంతా సరిపోయిందని చెబుతున్న ఆ బల్ల ముందు కూర్చుని, ఆమె పొట్లం కట్టిన కాగితం ముక్క చేతిలో పట్టుకుని, చప్పుడు లేకుండా ఏడ్చాడు.

తర్వాత బయటికొచ్చి తాతకి అంతా చెప్పాడు. అటక దగ్గర్నుంచి మొదలుపెట్టి, ఏదీ దాచకుండా. ముసలాయన తిట్టలేదు, ఓదార్చలేదు. చాలాసేపు తన రెండు వేళ్ళ వంక చూసుకున్నాడు. ఆ తర్వాత మిషను దగ్గరికి లాక్కుని, కాగితం ఎక్కించాడు.

"ఎక్కడుందో తెలపమని అర్జీ పెట్టాలి. ఉండు. పోలీసు కార్యాలయం కిటికీ దగ్గర అయినవాళ్ళ అర్జీలే తీసుకుంటారు." ఒక్కో అక్షరం వెతుక్కుంటూ కొట్టుకుపోయాడు. సగంలో ఆగాడు. "సంబంధం అన్నచోట ఏం కొట్టను బాబూ?"

అక్క లేచి, పెద్దాయన ఫోటో వెనక నుంచి ఒక కవరు తీసి కౌంటరు మీద పెట్టింది. కమిటీ ముద్ర. మొన్న వచ్చింది, ఇవ్వడానికి చెయ్యి రాక దాచింది. అనుమతించడమైనది, ముప్పై రోజుల్లోగా వధూవరులిద్దరూ స్వయంగా హాజరై నమోదు చేయించుకోవలెను.

"భార్య అని కొట్టండి" అన్నాడు తూకం. ఈసారి గడ్డం గోక్కోలేదు.

మర్నాడు ఆ అర్జీ పట్టుకుని కిటికీ ముందు నిలబడ్డాడు. ముందు ముప్పై మంది, వెనక ముప్పై మంది. తాళాలాయన భార్య కూడా ఉంది. మొగుడు ఊళ్ళో లేడని చెప్పడం మానేసిందిట. తన వంతు వచ్చేసరికి మధ్యాహ్నమైంది. లోపలి గుమాస్తా కాగితం తీసుకుని, చదవకుండానే ముద్ర వేసి, పక్కన దొంతర మీద పడేశాడు.

"వచ్చే నెల రండి."

సరుకు ఉండి ఆ మాట ఎలా అంటారో తూకానికి తెలుసు. సరుకు లేక ఎలా అంటారో కూడా తెలుసు. నాలుగేళ్ళు రెండు రకాలుగానూ అన్నవాడు. ఇనుప చువ్వల మీదికి వంగి గుమాస్తా ముఖంలోకి చూశాడు. ఎంతసేపు చూశాడంటే వెనకవాళ్ళు విసుక్కున్నారు.

"వచ్చే నెల ఏ తేదీకండీ?" అని అడిగాడు.